నల్లగొండ బోరు నీటితో గ్లాడియోలస్ పూల సాగు కుదురుతుందా?

ప్రశ్న (దేవరకొండ నుంచి):
మాకు పది గుంటల ఎర్ర చెల్క, ఒక బోరు ఉన్నాయి. చలి దేశాల్లో నేల గడ్డకట్టక ముందే గ్లాడియోలస్ దుంపలను తవ్వి దాచి, వసంతంలో మళ్లీ నాటుతారని చదివాను. మనకు ఆ చలి లేదు కనుక దుంపలను నేలలోనే వదిలేయవచ్చా?

జవాబు (షాద్‌నగర్ నుంచి):
వదిలేయకండి. అక్కడ చలికి భయపడి తవ్వుతారు, ఇక్కడ వానకు కుళ్లిపోతాయని తవ్వాలి. పైగా కొత్త దుంపకు నిద్రావస్థ ఉంటుంది. దానిని సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద కోల్డ్ స్టోరేజీలో కొన్ని నెలలు ఉంచితే మొలక సమంగా వస్తుంది. పూల కాడ కోసేటప్పుడు మొక్కకు నాలుగు ఆకులైనా మిగల్చండి, లేకపోతే వచ్చే ఏటి దుంప చిన్నదవుతుంది.

జవాబు (మునుగోడు నుంచి):
దుంపల కంటే ముందు నీటిని చూడండి. మన జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. ఫ్లోరైడ్‌కు బాగా లొంగిపోయే పూలలో గ్లాడియోలస్ ఒకటి. తాగునీటికి అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు కాగా, కోసిన కాడలను ఉంచిన బకెట్ నీటిలో 1 మిల్లీగ్రాము ఉన్నా ఆకుల కొసలు మాడతాయి, పై మొగ్గలు సరిగా విచ్చుకోవు. కాబట్టి బోరు నీటిని పరీక్ష చేయించి, బకెట్ల కోసమైనా వాన నీటిని పట్టి ఉంచుకోండి. చామంతి అంత సుకుమారం కాదు, బతుకమ్మకు బంతి ఎలాగూ అమ్ముడుపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నీటి పరీక్ష ఫలితం వచ్చాకే దుంపలు కొంటాను; ఈలోగా రెండు గుంటల్లో చామంతి నాటుతాను.