వితెబ్స్క్‌కి నిజంగా 1050 ఏళ్లు నిండాయా?

ద్వినా_తీరం:
మా తమ్ముడు బెలారస్‌లోని వితెబ్స్క్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. 2024లో అక్కడ ఊరి 1050వ పుట్టినరోజు చేశారని చెప్పాడు. కీవ్ రాణి ఓల్గా 974లో ఊరు కట్టించిందట. కానీ ఓల్గా చనిపోయింది 969లో! మరి ఈ తేదీని ఇంకా పట్టుకుని వేలాడటం సబబేనా?

శాసనాల_పిచ్చి:
సబబు కాదు. 974 అన్నది వితెబ్స్క్ స్థానిక క్రానికల్ (ఏడాదివారీగా రాసుకున్న చరిత్ర)లోని మాట. అది ఇప్పుడున్న రూపానికి వచ్చింది 18వ శతాబ్దంలో. ఓల్గా ద్వినా నది దాటి ఒక గుట్ట మీద రాత్రి బస చేసిందని, చోటు నచ్చి చెక్క కోట కట్టించిందని, రాతి చర్చిలు కూడా లేపిందని అందులో ఉంది. ఆ చర్చిల్లో ఒకటైన అనన్సియేషన్ చర్చి 12వ శతాబ్దానిది. అంటే రాసినాయన తన కళ్లముందున్న పాత కట్టడాలన్నీ ఓల్గా ఖాతాలో వేసేశాడు.

పాత_పటాలు:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. అసలు సంవత్సరం 947 అని, నకలు రాసేటప్పుడు అంకెలు తారుమారయ్యాయని కొందరు చరిత్రకారుల వాదన. 947లో ఓల్గా ఉత్తరాదికి వెళ్లినట్టు కీవ్ రాజ్యపు పాత చరిత్ర గ్రంథమైన ప్రైమరీ క్రానికల్‌లోనే ఉంది. ఇంకో మాట. మీరు చెప్పిన ఆ చర్చినే 1961లో పేల్చేశారు, 1990ల్లో మళ్లీ కట్టుకున్నారు. అంత పోగొట్టుకున్న జనం ఒక తేదీని దాచుకుంటే మనకేం అభ్యంతరం?

శాసనాల_పిచ్చి:
బాధ అర్థమైంది, వాదన మాత్రం నిలబడదు. 947 ప్రయాణంలో వితెబ్స్క్ ఊసే లేదు. అయినా ఈ ఊరికి రాణి దేనికండీ? పటం చూడండి. వీత్బా ఏరు పశ్చిమ ద్వినాలో కలిసే చోటు అది. దిగువకు పడవ వదిలితే రీగా సింధుశాఖ. ఎగువకు వెళ్లి పడవల్ని కాస్త దూరం నేల మీద లాగితే ద్నీపర్ నది, అక్కడి నుంచి నల్ల సముద్రం. అలాంటి చోట ఊరు దానంతటదే పుడుతుంది. తవ్వకాల్లో 9వ శతాబ్దపు క్రివిచీ తెగ నివాసాలు బయటపడ్డాయి కూడా. 1959లో అక్కడ ఒక బెరడు ఉత్తరం దొరికింది. మనకు తాటాకు ఎలాగో వాళ్లకు బిర్చ్ బెరడు అలాగ. స్తెపాన్ అనే ఆయన నెజిల్‌కి రాశాడు: బట్టలు అమ్ముడుపోయి ఉంటే నాకు ఆరు గ్రివ్నాల (అప్పటి డబ్బు) ధాన్యం కొను, అని. అదీ ఈ ఊరి అసలు చరిత్ర. ఏలినవాళ్ల రాకపోకల్లో కాదు, ఈ బేరసారాల్లో ఉంది.

ద్వినా_తీరం:
అయితే ఏ తేదీ పెట్టమంటారు?

శాసనాల_పిచ్చి:
1021. పోలొత్స్క్ రాజు బ్ర్యాచిస్లావ్‌కి ఈ ఊరు దక్కిన సంవత్సరం. పేరు మొదట వినిపించేది అప్పుడే.

పాత_పటాలు:
1974లోనే వెయ్యేళ్ల పండగ చేసుకున్న ఊరండీ అది. మళ్లీ 2021లో వెయ్యేళ్లు నిండాయంటే అక్కడ ఎవరు ఒప్పుకుంటారు? పైగా మీరే 9వ శతాబ్దం అంటున్నారు. ఆ లెక్కన 974 కన్నా 1021 ఇంకా పెద్ద తప్పు కాదా?