రాత్రిపూట బండ్ల లైట్ల గీతలు: బెంగళూరులో ఎక్కడ తీస్తున్నారు, ఎలా తీస్తున్నారు?

మారతహళ్లి_మావాడు:
అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఏ6000 కొన్నా, కిట్ లెన్సే. రోడ్డు మీద పోయే బండ్ల లైట్లు గీతల్లా సాగే ఫొటోల పిచ్చి పట్టింది. మూడు డౌట్లు. రింగ్ రోడ్డు ఫుట్ ఓవర్ బ్రిడ్జిల మీద ట్రైపాడ్ పెడితే ఎవరైనా ఏమైనా అంటారా? లెన్సుకి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కొనాలా? అసలు డౌటు మూడోది. హెడ్‌లైట్ల తెల్ల గీతలు నున్నగా వస్తున్నాయి, వెనక లైట్ల ఎర్ర గీతలు మాత్రం కొన్ని చుక్కలు చుక్కలుగా, మిషన్ కుట్టు వేసినట్టు వస్తున్నాయి. అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/11, ఐఎస్‌ఓ (వెలుగు పట్టే చురుకు) 100, షట్టర్ 20 సెకన్లు. కెమెరా పాడైందా? వాపసు ఇవ్వడానికి శుక్రవారం దాకానే టైముంది.

సిల్క్‌బోర్డు_బాధితుడు:
ఎక్కడైనా పెట్టు గానీ సాయంత్రం ఏడింటికి సిల్క్ బోర్డు దగ్గర మాత్రం పెట్టకు తమ్ముడూ. 30 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచినా ఒక్క బండీ కదలదు. గీతలు రావు, నంబర్ ప్లేట్లతో సహా శుభ్రంగా స్టిల్ ఫొటో వస్తుంది. నవ్వులాటకి అనట్లేదు, నా దగ్గర ఉంది అలాంటిది. పైన మెట్రో మాత్రం అదిరిపోతుంది. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మొదలైనప్పటి నుంచీ నాకదే పని. కిటికీల వెలుగంతా కలిసి ఒకటే తెల్ల పట్టీ అయిపోతుంది. రైలు ఫ్రేములోకి రాకముందే నొక్కాలి. వచ్చాక నొక్కితే పట్టీ సగంలోనే తెగుతుంది.

కర్నూలు_కెమెరా:
కెమెరాకేం కాలేదు, భయపడద్దు. లెన్సులో చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఆన్‌లో పెట్టినావు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు అది లేని వణుకుని వెతుక్కుంటా లోపల అద్దాన్ని కదుపుతుంది. అదే ఆ చుక్కలు. మెనూలో ఆపెయ్, పోతుంది.

ఇంక బ్రిడ్జి సంగతి. గార్డు వస్తాడు, "ఇల్లి ఫోటో తెగియంగిల్ల" (ఇక్కడ ఫొటో తీయకూడదు) అంటాడు. వాదనకి దిగద్దు. "ఐదు నిమిష సార్, కాలేజ్ ప్రాజెక్టు" అంటే చాలు, వాడే పక్కన నిలబడి స్క్రీన్‌లోకి తొంగి చూస్తాడు. గార్డు కంటే పెద్ద తలనొప్పి బ్రిడ్జే. ఇనప బ్రిడ్జి మీద ఎవరన్నా చెప్పులు టకటకలాడించుకుంటా నడిస్తే చాలు, ఫొటో మొత్తం ఊగుతుంది. మెట్లు దిగే చోట, స్తంభం నేరుగా కింద ఉండే దగ్గర పెట్టు. మధ్యలో పెట్టినావంటే అంతే సంగతులు.

ఈసీఈ_బ్యాచ్:
చుక్కలకీ స్టెబిలైజేషన్‌కీ సంబంధమే లేదు. లోపల అద్దం కదిలితే ఎర్ర గీతలే ఎందుకు చెడతాయి? తెల్లవి కూడా చెడాలి, రోడ్డు పక్క బోర్డులు కూడా మసకబారాలి. కొంచెం ఆలోచించి రాయండి.

కార్ల లైట్ల సర్క్యూట్లు డిజైన్ చేయడమే నా ఉద్యోగం, కాబట్టి ఇది నేను ఊహించి చెప్పేది కాదు. చాలా బండ్లలో టెయిల్ ల్యాంపుకీ బ్రేక్ లైటుకీ అవే ఎల్‌ఈడీలు వాడతారు. టెయిల్‌గా మసగ్గా వెలగాలి, బ్రేక్ తొక్కితే ఫుల్లుగా వెలగాలి. మసక కోసం కరెంటు తగ్గించరు, సెకనుకి వందల సార్లు ఆర్పి వెలిగిస్తారు. దాన్నే పీడబ్ల్యూఎం అంటారు. సెకనుకి 200 సార్లు అనుకోండి. బండి గంటకు 40 కిలోమీటర్ల మీద పోతుంటే సెకనుకి 11 మీటర్లు. అంటే రెండు వెలుగుల మధ్య దూరం అయిదున్నర సెంటీమీటర్లు. కంటికి తెలీదు, సెన్సార్ మీద పడుతుంది. హెడ్‌లైటు ఫుల్లుగా వెలుగుతుంది కాబట్టి గీత నున్నగా ఉంటుంది. పాత బండ్ల ఫిలమెంట్ బల్బులకి అసలీ గొడవే లేదు.

కర్నూలు_కెమెరా:
ఓహో, సర్క్యూట్లు చేసే సార్ వచ్చినారు. మేము ఊరికే కెమెరా మెడకేసుకుని తిరుగుతున్నాం పాపం. ఒక్కటి చెప్పండి సార్: నేను కేఆర్ మార్కెట్ ఫ్లైఓవర్ దిగే చోట ఏళ్ల తరబడి తీస్తున్నా. నా ఫొటోల్లో ఒక్క చుక్కా లేదు. ఆ బండ్లకి ఎల్‌ఈడీలు లేవంటారా?

ఈసీఈ_బ్యాచ్:
దిగే చోట అందరూ బ్రేక్ మీదే కాలు పెడతారు. బ్రేక్ తొక్కినప్పుడు లైటు ఆరదు. మీ జవాబు మీ ప్రశ్నలోనే ఉంది.

కర్నూలు_కెమెరా:
అందరూనా? ఆటోవాళ్లు కూడానా? బెంగళూరులో ఎప్పుడన్నా ఆటో ఎక్కినారా సార్?

బెజవాడ_వసంత:
మీరు కొట్టుకుంటూ ఉండండి, నేను నా గొప్ప చెప్పుకుంటా. పోయిన దీపావళికి అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పిల్లల చేత కాకరపువ్వొత్తులతో పేర్లు రాయించా. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, 10 సెకన్లు. మాకు పడ్డ తిప్పలు రెండు. కెమెరా వైపు తిరిగి రాస్తే అక్షరాలు అద్దంలో చూసినట్టు ఎడంకుడిగా వస్తాయి, తర్వాత ఫొటోని తిప్పుకోవాలి. రెండోది తలకట్టు! అక్షరం నుంచి తలకట్టుకి చెయ్యి ఎత్తాలంటే కాకరపువ్వొత్తి ఆరదు కదా, మధ్యలో గీత పడుతుంది. చివరికి ఫోన్ టార్చ్ తీసుకున్నాం. బొటనవేలు అడ్డం పెడితే ఆరినట్టే, తీస్తే వెలిగినట్టే. మా చిన్నది "అమ్మ" అని రాసిన ఫొటో హాల్లో ఫ్రేము కట్టించాం.

అగ్గిపిడుగు_హెబ్బాళ:
వసంత గారూ కాకరపువ్వొత్తులు పాత ముచ్చటండి. స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) తిప్పండి! ఎగ్ బీటర్‌లో పెట్టి, తాడు కట్టి, అంటించి గిరగిరా తిప్పితే నిప్పుల వాన. గిన్నెలు తోమే పీచు పనికిరాదు, అది అంటుకోదు. సన్నది కావాలి, నాలుగు సున్నాల గ్రేడ్. చెరువు గట్టున చేద్దాం, వచ్చేవాళ్లు చెప్పండి.

బెజవాడ_వసంత:
ఎండుగడ్డి ఉన్న చెరువు గట్టునా? మీకేమైనా మతి ఉందా? ఆ నిప్పులు మీటర్ల దూరం ఎగిరి పడతాయి. పిల్లలు చదివే చోట ఇలాంటివి రాయకండి.

అగ్గిపిడుగు_హెబ్బాళ:
పిల్లల చేతికి కాకరపువ్వొత్తులు ఇచ్చింది మీరు మేడమ్, నేను కాదు.

మోడరేటర్:
స్టీల్ ఊల్ మాట ఇక్కడితో ఆపండి. ప్లాను వేసే కామెంట్లు తీసేస్తా.

పాత_పెంటాక్స్:
ఈ చుక్కల గొడవ చూస్తే నవ్వొస్తోంది నాయనా. ఇది ఎల్‌ఈడీలతో మొదలైంది కాదు. అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ అని దంపతులు ఉండేవారు. 1910ల్లో ఫ్యాక్టరీ పనివాళ్ల వేళ్లకి చిన్న బల్బులు కట్టి, చీకట్లో షట్టర్ తెరిచి, చెయ్యి ఎటు తిరుగుతోందో గీతలుగా పట్టారు. తర్వాత ఆ బల్బులని కావాలనే ఆరుతూ వెలిగేలా చేశారు. చుక్కలు దగ్గరగా ఉంటే చెయ్యి నెమ్మదిగా కదిలినట్టు, దూరంగా ఉంటే వేగంగా కదిలినట్టు. మీకు ఊరికే దొరుకుతున్న దానికోసం వాళ్లు పరికరం తయారు చేసుకున్నారు. ఇక 1949లో పికాసో చేతిలో చిన్న లైటు పట్టుకుని గాల్లో బొమ్మలు గీస్తే జాన్ మిలి తీశాడు. ఒక్క నెగటివ్, ఒక్క తెరుపు. ఇప్పటివాళ్లు వంద ఫొటోలు తీసి కంప్యూటర్‌లో అతికించి "లాంగ్ ఎక్స్‌పోజర్" అంటున్నారు. దాన్ని ఫొటో అనను నేను.

స్టాకింగ్_శీను:
అంకుల్, ఐదు సెకన్లవి ఇరవై తీసి, ఏ చోట ఎక్కువ వెలుగుంటే అదే ఉంచే లైటెన్ మోడ్‌లో కలిపితే తప్పేంటి? మధ్యలో ఎవడో హై బీమ్ వేసుకుని మొహం మీదికి వస్తాడు, ఆ ఒక్క ఫ్రేము తీసేస్తే పోతుంది. మీ పద్ధతిలో నిమిషంన్నర ఎక్స్‌పోజరూ గోవిందా.

పాత_పెంటాక్స్:
అంకుల్ అనక్కర్లేదు. హై బీమ్ వాడొస్తే లెన్సుకి నల్ల అట్టముక్క అడ్డం పెట్టు. వాడు పోయాక తియ్యి. బల్బ్ మోడ్‌లో (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది) సిగ్నల్ ఎర్రగా ఉన్నంతసేపూ అట్ట, పచ్చ పడగానే తీసెయ్. ఖాళీ రోడ్డు మీద ఎక్స్‌పోజర్ వృథా కాదు, వీధి దీపాలు మాడిపోవు. ఫిల్ము రోజుల్లో ఇలాగే చేశాం. పైగా అప్పట్లో సెకను దాటితే ఫిల్ము మందగించేది, లెక్క ప్రకారం పది సెకన్లయితే ఇంకాస్త ఎక్కువే ఇవ్వాల్సి వచ్చేది. వెలిగేవి సోడియం దీపాలు. ఊరంతా పసుపుపచ్చగా, ఎంత బాగుండేదని! ఇప్పుడీ తెల్ల ఎల్‌ఈడీల కింద అన్ని రోడ్లూ ఆసుపత్రి వరండాలే.

లేపాక్షి_చుక్కలు:
నక్షత్రాల గీతలు ఎవరైనా తీశారా? నంది కొండ మీదికి రాత్రి వదలరు కదా. హిందూపురం వైపు మా ఊళ్లో చీకటి బాగానే ఉంటుంది. నెట్‌లో చూపించే గుండ్రటి వలయాలు నాకెందుకు రావట్లేదు?

ఈసీఈ_బ్యాచ్:
ఆ వలయాలకి మధ్యన ఉండేది ధ్రువ నక్షత్రం. మన దగ్గర అది ఉత్తరాన 13, 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఓ చింతచెట్టు అడ్డొచ్చినా పోయినట్టే. ఉత్తరం వైపు ఖాళీగా ఉన్న పొలం చూసుకోండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. లేకపోతే 30 సెకన్ల ఫొటో తీశాక ఇంకో 30 సెకన్లు కెమెరా మూసుకుని కూర్చుంటుంది, గీతల మధ్య ఖాళీలు పడతాయి.

రెడ్మీ_రాజు:
కెమెరా లేనోళ్లకి చెప్పండి సార్. ఫోన్‌లో నైట్ మోడ్ పెడితే గీతలు రావట్లా.

స్టాకింగ్_శీను:
నైట్ మోడ్ చిన్న చిన్న ఫొటోలు చాలా తీసి కలుపుతుంది, కదిలేదాన్ని చెరిపేయాలని చూస్తుంది. మనకి కావాల్సిందానికి తలకిందులు. ప్రో మోడ్‌లో షట్టర్ 10 సెకన్లు, ఐఎస్‌ఓ వీలైనంత తక్కువ, సెల్ఫ్ టైమర్. ఐఫోన్ అయితే లైవ్ ఫొటో తీసి ఎఫెక్టుల్లో లాంగ్ ఎక్స్‌పోజర్ నొక్కితే సరి. పాత_పెంటాక్స్ గారు ఇది కూడా ఫొటో కాదంటారు, పట్టించుకోకు.

మారతహళ్లి_మావాడు:
ఇదిగో కొత్త ఫొటో. నిన్న మళ్లీ వెళ్లా, స్టెబిలైజేషన్ ఆపేసే తీశా. చుక్కలు పోలేదు. కానీ ఎడమ లేన్‌లో ఆ తెల్ల కారు గీత చూడండి. దూరం నుంచి చుక్కలుగా వచ్చి, బస్‌స్టాప్ దగ్గర ఒక్కసారిగా లావై అతుకు లేకుండా సాగి, బస్సు దాటాక మళ్లీ చుక్కలు. అంటే అక్కడ బ్రేక్ తొక్కాడు, ఇక్కడ వదిలాడు. డ్రైవరు కాలు ఎప్పుడు ఎక్కడుందో ఫొటోలో కనిపిస్తోంది!

ఈసీఈ_బ్యాచ్:
కర్నూలు గారూ, చూశారా? ఇంకా నమ్మకపోతే వీధి దీపం మీద చూడండి. షట్టర్ సెకనులో పదో వంతు పెట్టి, కెమెరాని పక్కకి గట్టిగా విసిరినట్టు తిప్పుతూ నొక్కండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మెయిన్స్ మీద మిణుకుమనే దీపమైతే సెకనుకి 100 సార్లు, అంటే గీతలో పది పూసలు కనిపించాలి. సోడియం దీపం ఎక్కడన్నా మిగిలుంటే అదీ అంతే.

కర్నూలు_కెమెరా:
ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపాలన్న మాట ఇప్పటికీ కరెక్టే. దాని గురించి ఎవరూ నోరు మెదపరే?

సిల్క్‌బోర్డు_బాధితుడు:
కరెక్టే అన్నా, కరెక్టే. నీళ్లు తాగు.

మారతహళ్లి_మావాడు:
ఎన్‌డీ ఫిల్టర్ సంగతి ఎవరైనా చెప్తారా, దయచేసి?

స్టాకింగ్_శీను:
చీకటి పడ్డాక అక్కర్లేదు. సూర్యుడు దిగిన అరగంట లోపు, ఆకాశం నీలంగా ఉన్నప్పుడు తీయాలంటే మూడు స్టాపులది చాలు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది). పది స్టాపులది వెలుగుని వెయ్యో వంతుకి తగ్గిస్తుంది, అది పట్టపగలు వాడేది. ఆ డబ్బులు గట్టి ట్రైపాడ్ మీద పెట్టు. ఎఫ్/22కి కూడా పోకు, ఫొటో మెత్తబడుతుంది. వీధి దీపాలకి నక్షత్రాల్లా కిరణాలు కావాలంటే ఎఫ్/16 చాలు. అపర్చర్ రేకులు ఏడు ఉంటే పద్నాలుగు కిరణాలు, ఎనిమిది ఉంటే ఎనిమిదే.

బెజవాడ_వసంత:
ఆదివారం సాయంత్రం విధానసౌధకి దీపాలు వేస్తారు. ముందు రోడ్డు మీద బండ్లు కూడా ఆగకుండా పోతాయి. వస్తారా ఎవరైనా? అగ్గిపిడుగు గారు ఖాళీ చేతులతో రావాలి.

కర్నూలు_కెమెరా:
నేనొస్తా. ఈసీఈ సార్ కూడా రావాలి, చుక్కలు ఎదురుగా చూసుకుందాం. ఎవరి దగ్గరన్నా రిమోట్ కేబుల్ అదనంగా ఉందా? నాది నికాన్.

పాత_పెంటాక్స్:
నా దగ్గర ఉంది. నికాన్‌లో ఏ మోడలు? పిన్ను తేడా ఉంటుంది.