పాత ఐప్యాడ్‌కి బ్యాటరీ మార్పించాలా, కొత్తది కొనాలా?

అందరికీ నమస్కారం. నేను పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. నాకు నల్లబల్ల, సుద్దముక్క అన్నీ 2018 నాటి 6వ తరం ఐప్యాడే, 32 జీబీది. మొదటి తరం యాపిల్ పెన్సిల్‌తో రాస్తూ స్క్రీన్ షేర్ చేస్తాను.

ఇన్నేళ్ల వాడకానికి బ్యాటరీ అరిగిపోయింది. పొద్దున నూరు శాతంతో మొదలుపెడితే రెండో క్లాసు అయ్యేసరికి 18కి దిగుతోంది. మొన్న త్రికోణమితిలో టవర్ ఎత్తు లెక్క. బొమ్మ గీసి, 30 డిగ్రీలు అని రాస్తుండగానే ఆఫ్ అయిపోయింది. వెంటనే ఫోన్‌లో "సార్, ఏమీ కనిపించట్లేదు" అని వరసగా మెసేజ్‌లు. పరీక్షల ముందు పిల్లలకి ఇలా జరిగితే నాకు చాలా టెన్షన్‌గా ఉంటుంది.

పైగా దీన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్లు ఐప్యాడ్‌ఓఎస్ 17తోనే ఆగిపోయాయి.

2025లో వచ్చిన ఏ16 చిప్ ఐప్యాడ్ చూశాను. 128 జీబీ నుంచి మొదలు, విడుదల ధర రూ.34,900. అడాప్టర్ ఉంటే నా పాత పెన్సిల్ పనిచేస్తుంది. ఐప్యాడ్ ఎయిర్‌లో గాజుకీ తెరకీ మధ్య ఖాళీ ఉండదు, రాత హాయిగా ఉంటుంది. కానీ దానికి పెన్సిల్ కూడా కొత్తది కొనాలి, అంత బడ్జెట్ కష్టం.

పాత మోడల్ నుంచి ఏ16కి మారినవాళ్లు ఉంటే చెప్పండి: రోజూ నాలుగు గంటలు రాసే పనికి తేడా నిజంగా తెలుస్తుందా? లేక బ్యాటరీ మార్పించి ఈ ఏడాది గడిపేయడమే మేలా? బ్యాటరీ మార్పించినవాళ్లకి ఎంతయింది, ఎన్నాళ్లు నిలిచింది?