ఏడు వారాలకే ట్రైనర్స్ బూట్ల సోల్ ఊడింది: బ్రిటన్‌లో షాపువాడు 'అరుగుదల' అంటే ఊరుకోవాలా?

అరికాలు:
అందరికీ నమస్కారం. విషయం చిన్నదే కానీ రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. రన్నింగ్ కోసం ట్రైనర్స్ కొన్నాను. 110 పౌండ్లు, క్రెడిట్ కార్డు మీద. కొని ఏడు వారాలైంది. జ్వరం వల్ల మొదటి మూడు వారాలు పెట్టెలోంచి తియ్యనే లేదు. ఇప్పుడు కుడికాలి బూటు ముందువైపు సోల్ నోరు తెరిచింది, వేలు పెడితే లోపలికి పోతోంది. షాపుకి తీసుకెళ్తే కౌంటర్ దగ్గరున్న అబ్బాయి మూడు మాటలు చెప్పి పంపించేశాడు. 30 రోజులు దాటాయట. ఇది వాడకం వల్ల వచ్చిన అరుగుదలట. కావాలంటే కంపెనీకి రాసుకోవాలట. రశీదు పోయింది, బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రం ఉంది. నాకు హక్కు ఉన్నట్టా, లేనట్టా?

సెక్షన్‌ప్రియ:
ఆ మూడు మాటల్లో ఒక్కటీ నిలవదు అండీ. మీరు డబ్బు కట్టింది షాపుకి, కాబట్టి చట్టం ముందు జవాబు చెప్పాల్సింది షాపే. కంపెనీ వారంటీ అంటూ ఉంటే అది అదనం. దాన్ని చూపించి షాపు తప్పుకోవడానికి లేదు.

2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం వస్తువు తగిన నాణ్యతతో ఉండాలి, చెప్పిన పనికి పనికిరావాలి. 30 రోజులనేది తిన్నగా వెనక్కిచ్చి పూర్తి డబ్బు తీసుకునే హక్కుకి గడువు. అది దాటితే హక్కులన్నీ పోయినట్టు కాదు. అప్పుడు రిపేరో, వేరే జతో అడగొచ్చు. రెండూ కుదిరేవే అయితే ఏది కావాలో మీరే ఎంచుకుంటారు. ఒకసారి బాగుచేసినా, ఒకసారి మార్చినా మళ్ళీ తేడా వస్తే అప్పుడు డబ్బు అడగొచ్చు. లేదంటే జత ఉంచుకుని ధర తగ్గించమనొచ్చు. ఇక ముఖ్యమైనది: మొదటి ఆరు నెలల్లో లోపం బయటపడితే అది మీకు అందిన రోజే ఉన్నట్టు లెక్క. కాదని నిరూపించాల్సింది షాపువాడే.

రశీదే ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. అక్కడ కొన్నట్టు తెలిస్తే చాలు, స్టేట్‌మెంట్ సరిపోతుంది.

లెక్కతప్పదు:
ఒక్క నిమిషం. మూడు వారాలు పెట్టెలోనే ఉన్నాయి అన్నారు కదా. 49 లోంచి 21 తీసేస్తే 28. ఇంకా 30 రోజులు దాటనే లేదు! పూర్తి డబ్బే అడగొచ్చు.

సెక్షన్‌ప్రియ:
లేదండీ. కాళ్ళకి వేసుకున్న రోజు నుంచి కాదు, వస్తువు సొంతమై చేతికి అందిన రోజు నుంచి లెక్క.

లెక్కతప్పదు:
వాడని వస్తువులో లోపం ఎలా తెలుస్తుంది మరి? ఇదెక్కడి న్యాయం?

పరుగుపిచ్చి:
ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తారు? అది చెప్పకుండా చర్చే లేదు. రన్నింగ్ షూకి 500 నుంచి 800 కిలోమీటర్లని మామూలుగా చెప్తారు. రోజూ పది చొప్పున నాలుగు వారాలు కొట్టినా 300 దాటదు అనుకోండి, అయినా అడుగుతున్నా.

ఇంకో మాట. సోల్ అడుగున గాడులు చూడండి. అరుగుదల అయితే రబ్బరు పలచబడి లోపలి ఫోమ్ కనిపిస్తుంది, అదీ ముందుగా మడమ బయటివైపు మొదలవుతుంది చాలామందికి. గాడులు కొత్తగానే ఉండి అంచు మాత్రం విడిపోయిందంటే అంటింపు సరిగ్గా లేనట్టు. ఫోటో పెట్టండి.

జిగురుబాబు:
గట్టి జిగురు రాసి రాత్రంతా బరువు పెట్టి ఉంచండి. తెల్లారేసరికి రెడీ.

సెక్షన్‌ప్రియ:
దయచేసి జిగురు ముట్టుకోకండి! మీరే చెయ్యి పెట్టి పాడుచేశారని అనడానికి వాళ్ళకి దారి ఇచ్చినట్టవుతుంది.

కౌంటర్‌వెనక:
నేను ఇక్కడ ఒక షూ షాపులో నాలుగేళ్ళు పనిచేశాను. సెక్షన్‌ప్రియ గారు చెప్పింది కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ ఆరు నెలల నిబంధనకి తోక ఉంది, దాన్ని ఆయన కోసేశారు. వస్తువు స్వభావానికో, లోపం స్వభావానికో 'అందిన రోజే లోపం ఉంది' అనే ఆ ఊహ పొసగకపోతే అది వర్తించదు. పైగా 30 రోజుల్లోపు వెనక్కిచ్చి డబ్బు అడిగేవాళ్ళకి ఈ ఆరు నెలల వెసులుబాటు లేదు. అక్కడ లోపం ముందే ఉందని చూపించాల్సింది కొన్నవాళ్ళే. ఈ రెండూ ఎవరూ చెప్పరు. చెప్పకుండా జనాన్ని కౌంటర్ మీదకి తోలుతారు. అక్కడ నిలబడి తిట్లు తినేది గంటల లెక్కన జీతం తీసుకునే పిల్లలు.

సెక్షన్‌ప్రియ:
రెండూ నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ ఈయన 30 రోజుల్లోపు లేరు కదా? ఈయన అడగాల్సింది వేరే జత. దానికి ఆరు నెలల నిబంధన నిక్షేపంగా వర్తిస్తుంది. ఏడు వారాల్లో సోల్ ఊడటం ట్రైనర్స్ స్వభావం అంటారా?

కౌంటర్‌వెనక:
ఎలా వాడారో తెలియకుండా నేనేమీ అనను. మా దగ్గరికి వచ్చే 'ఊడిపోయిన' జతల్లో సగం హీటర్ మీద ఆరబెట్టినవే. వేడికి జిగురు పట్టు వదిలేస్తుంది. అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. ఇంకొకటి కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. పార్టీకి ట్యాగు కనపడకుండా వేసుకెళ్ళి సోమవారం వెనక్కి తెచ్చేవాళ్ళలో మనవాళ్ళు తక్కువేం లేరు. మేనేజర్ నా వైపు చూసి నవ్వేవాడు. ఆ నవ్వు ఎలా ఉంటుందో మీకు తెలీదు.

మెల్లవాన:
ఆ నవ్వు నాకూ తెలుసండీ, కౌంటర్‌కి ఇటువైపు నుంచి. మా బాబు స్కూలు బూట్లకి మూడో వారంలో కుట్లు విడిపోతే తీసుకెళ్ళాను. నా ముందున్నావిడ రశీదు లేకుండా మార్చుకుని వెళ్ళింది. నన్ను మాత్రం "ఇక్కడే కొన్నారా" అని మూడుసార్లు అడిగారు, రశీదు చేతిలో ఉన్నా. నేను ఎవరి తప్పుకి జవాబు చెప్పాలి?

కౌంటర్‌వెనక:
అంటే కౌంటర్ వెనక ఉన్నవాళ్ళందరూ చెడ్డవాళ్ళా?

మెల్లవాన:
ఆ మాట నేను అనలేదు. "మనవాళ్ళు" అని మొదలుపెట్టింది మీరు.

లెక్కతప్పదు:
ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజులు అంటారు కదా, అది 30 లో కలుస్తుందా, విడిగానా?

సెక్షన్‌ప్రియ:
విడి. అది లోపం లేకపోయినా మనసు మారితే వెనక్కివ్వడానికి, 2013 నిబంధనల కింద. షాపులో చూసి కొన్నదానికి ఆ హక్కు లేదు. ఈ గొడవకి సంబంధం లేదు.

కౌంటర్‌వెనక గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ ఒకరు మోసం చేశారని ఇంకొకరి హక్కు తగ్గదు. మీరు చెప్తున్నదల్లా ఒకటే: అడగొద్దు, పరువు పోతుంది. ఇలా అందరూ అడగకుండా ఊరుకోబట్టే కదా ఆ అబ్బాయి మూడు తప్పులు ధైర్యంగా చెప్పింది!

కౌంటర్‌వెనక:
అడగొద్దని నేనెక్కడన్నాను? నిజం చెప్పి అడగండి అంటున్నాను. మీ చట్టం పేరాల్లో ఆ ఒక్క ముక్క లేదు. మీకు గెలవడం కావాలి. రేపు ఇంకో తెలుగువాడు నిజమైన లోపంతో వస్తే అతని మొహం మీద తలుపు వేసేది మీలాంటి గెలుపులే.

సెక్షన్‌ప్రియ:
నిజం చెప్పొద్దని నేను అన్నట్టు చూపించండి, క్షమాపణ చెప్తాను. ఇంటి ఓనరు మా డిపాజిట్ మింగినప్పుడు ఇలాగే "పోనీలే, మనకెందుకు గొడవ" అని సలహా ఇచ్చినవాళ్ళు డజనుమంది. పోనీలే అన్నందుకు ఎవరూ నాకు డబ్బు తెచ్చివ్వలేదు. అప్పటినుంచే చట్టం చదవడం మొదలుపెట్టాను.

అరికాలు:
మీ ఇద్దరూ కొట్టుకుంటుంటే సిగ్గేస్తోంది. ఒక విషయం దాచాను. రెండు వారాల క్రితం బురదైతే వాషింగ్ మెషీన్‌లో వేశాను. 30 డిగ్రీలే. హీటర్ మీద పెట్టలేదు, కిటికీ దగ్గర ఆరబెట్టాను. షాపులో అడిగితే "లేదు" అన్నాను. వాళ్ళు అడిగిన తీరుకి భయపడి నోట్లోంచి అలా వచ్చేసింది.

జిగురుబాబు:
అయ్యో.

కౌంటర్‌వెనక:
ఇదిగో. నాలుగేళ్ళ అనుభవం ఊరికే పోదు.

మెల్లవాన:
ఎగతాళి ఎందుకండీ? "లేదు" అనడానికి కారణం కూడా చెప్పారు కదా ఆయన. మూడుసార్లు అడిగించుకున్నదాన్ని, ఆ భయం నాకు తెలుసు.

సెక్షన్‌ప్రియ:
అరికాలు గారూ, ఇది దాచకుండా ఉండాల్సింది. ఇప్పుడు చేతులారా బలహీనపడ్డారు. అయినా అంతా పోలేదు. పెట్టె మీదో, బూటు నాలుక లోపలో 'మెషీన్‌లో ఉతకరాదు' అని ఉందా? ఉంటే కష్టం. లేకపోతే, 30 డిగ్రీల నీళ్ళకే ఊడిపోయే అంటింపు బురదలో పరిగెత్తే బూటుకి సరిపోతుందా అని మీరు తిరిగి అడగొచ్చు.

పరుగుపిచ్చి:
నేను రెండు జతలు ఉతికాను, ఏం కాలేదు. మూడోది ఊడింది. కాబట్టి ఏదీ తేల్చి చెప్పలేం. ఒక్క కాలికే ఊడిందా, రెండిటికీనా? రెండూ ఒకే మెషీన్‌లో కదా తిరిగాయి.

అరికాలు:
కుడిదే. ఎడమది గట్టిగా ఉంది. గాడులు కూడా అరగలేదు, ఇప్పుడే చూశాను. ఉతకొద్దని రాసి లేదు, 'తడిబట్టతో తుడవండి' అని ఉంది.

కౌంటర్‌వెనక:
తడిబట్టతో తుడవమంటే ఉతకొద్దనే అర్థం. కానీ ఒకే కాలికి ఊడటం అనేది... అది మేమైతే వెనక గదిలోకి తీసుకెళ్ళి మేనేజర్‌కి చూపించేవాళ్ళం. కౌంటర్ దగ్గర వాదించకండి. మేనేజర్‌కి మెయిల్ రాయండి, ఉతికిన సంగతీ రాయండి. ముందు అబద్ధం చెప్పాను, కంగారులో అన్నాను అనీ రాయండి. నేను మేనేజర్‌ని అయితే ఆ మెయిల్ చూసి జత మార్చేస్తాను. చట్టం కోసం కాదు.

సెక్షన్‌ప్రియ:
చట్టం కోసం కాకపోయినా చట్టం పేరు రాయండి. 'వేరే జత కావాలి' అని స్పష్టంగా ఉండాలి. ఆ సైజు లేదని, రిపేరూ కుదరదని అంటే అప్పుడు డబ్బు అడగొచ్చు. ఆరు నెలల్లోపు కాబట్టి వాడుకున్నందుకు కోత కూడా పెట్టకూడదు. ఏదీ కాకపోతే మీ కార్డు కంపెనీ ఉంది. ధర 100 పౌండ్లు దాటింది కాబట్టి 1974 కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ సెక్షన్ 75 కింద షాపుతో పాటు వాళ్ళదీ బాధ్యతే. ఉతికిన సంగతి అక్కడా చెప్పాల్సిందే.

లెక్కతప్పదు:
100 కి పైనా, 100 అయినా సరిపోతుందా?

సెక్షన్‌ప్రియ:
పైన. ఆయనది 110.

అరికాలు:
మెయిల్ పంపించాను. ఉతికింది, అబద్ధం చెప్పింది, కుడికాలు ఎడమకాలు ఫోటోలు, అన్నీ పెట్టాను. చూస్తామని ఆటోమేటిక్ జవాబు వచ్చింది, అంతే. కౌంటర్‌వెనక గారూ, మీ మాట మొదట నచ్చలేదు.

కౌంటర్‌వెనక:
నాకూ సెక్షన్‌ప్రియ గారిది నచ్చలేదు, ఇంకా నచ్చలేదు. ఏం చెప్పారో వచ్చాక రాయండి.

పరుగుపిచ్చి:
ఎన్ని కిలోమీటర్లో ఇంతవరకూ చెప్పలేదు.