నెల్లూరులో అక్టోబర్ తోటపని: ఇప్పుడే కత్తిరించాలా, వానలు పోయినాక చేయాలా?

వేదాయపాళెం పెరడు (అక్టోబర్ 6)

అందరికీ నమస్తే. మేం మొన్న ఏప్రిల్‌లో హైదరాబాద్ నించి నెల్లూరు వచ్చేశాం, వేదాయపాళెంలో మా అత్తగారి ఇల్లు, వెనక పది అంకణాల పెరడు ఉంది (అంకణం అంటే ఏందో ఇక్కడికి వచ్చాకే తెలిసింది, 72 చదరపు అడుగులంట). నిమ్మ ఒకటి, మునగ ఒకటి, కరివేపాకు, మల్లె పొదలు రెండు, బొప్పాయిలు రెండు, పందిరి మీద పాదు చిక్కుడు, ఇవి నేలలో. ఇవి కాక గులాబీ కుండీలు ఎనిమిది, గ్రో బ్యాగులు ఓ డజను.

నేను చూసే వీడియోలన్నిట్లో ఒకటే మాట, అక్టోబర్ వచ్చింది వానలు అయిపోయినాయి, గులాబీలు కత్తిరించండి, మట్టి మార్చండి, ఎరువులు దండిగా వేయండి అని. హైదరాబాద్‌లో నేనూ అట్లాగే చేసేదాన్ని, బాగానే పూసేవి. ఇక్కడ కూడా పోయిన వారం నాలుగు కుండీలు కత్తిరించి మట్టి మార్చేశాను, తర్వాత రెండ్రోజులు వాన పడింది, ఇప్పుడు రెండు మొక్కలు కోసిన చోట నించి కిందికి నల్లగా ఎండుకొస్తున్నాయి. మా అత్తయ్య ఏమో "అసలు వాన ఇంకా ముందుంది, అప్పుడే కత్తెర పట్టుకున్నావేంది" అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇంకోటి, చిక్కుడు ఆగస్టులో పెట్టాను, పందిరంతా అల్లుకుంది కానీ ఒక్క పువ్వు లేదు, పీకేద్దామా అనుకుంటున్నా.

కావలి మాస్టారు (అక్టోబర్ 6)

అమ్మా, మీ అత్తగారి మాట వినండి, చిక్కుడు మాత్రం పీకొద్దు.

వీడియో వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ళ ఊరికి అది కరెక్టే. తెలంగాణలో వాన జూన్ నించి సెప్టెంబర్ దాకా, అక్టోబర్‌కి తెరిపి. మనకి దానికి తిరగేసి. నైరుతిలో మనకి వచ్చేది అంతంత మాత్రం, ఏడాది వానలో సగం పైన పడేది అక్టోబర్ నించి డిసెంబర్ లోపలే, ఈశాన్య రుతుపవనాలకి. అల్పపీడనాలు వాయుగుండాలు అన్నీ అప్పుడే. 2021 నవంబర్లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది, 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న. అంటే డిసెంబర్ మొదటి వారం దాకా మనం నిమ్మళంగా ఉండేదానికి లేదు. పెద్దవాళ్ళు చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు అని లెక్క పెట్టుకునేది ఇందుకే.

కాబట్టి మన పెరట్లో శరత్తులో చేసే పని కత్తిరింపూ ఎరువులూ కాదు, నీళ్ళు పోయే దారి చేసుకోవడం. నేనైతే దసరా లోపల పలుగు పార పట్టుకుని పెరడంతా ఒకసారి తిరుగుతా, పోయినసారి వానకి నీళ్ళు యాడ నిలబడినాయో గుర్తుపెట్టుకుని అక్కడినించి వీధి కాలవ దాకా జానెడు లోతు కాలవ తీస్తా, అంతే, మిగతా పనులన్నీ దాని తర్వాతే.

బొప్పాయి గురించి ముందు చెప్తా, ఎందుకంటే ముందు చచ్చేది అదే. చెట్టు మొదలు దగ్గర ఒకటి రెండు రోజులు నీళ్ళు నిలబడితే వేరు కుళ్ళి ఆకులు పండిపోయి చెట్టు కూలబడతాది, తర్వాత మీరు ఏం పోసినా లేవదు. ఇప్పుడే మొదలు చుట్టూ మట్టి గుట్టలా ఎగదోయండి, కాయల బరువుంటే ఒక సరుగుడు కర్ర పాతి మెత్తటి గుడ్డతో కట్టండి, పురికొస వద్దు, గాలికి కాండాన్ని కోసేస్తాది. మునగ పుటుక్కున విరిగే జాతి, పొడుగ్గా పోయిన కొమ్మలు ఇప్పుడే కోసేయండి, లేకపోతే గాలే కోసిపెడతాది, అది కూడా కరెంటు తీగ మీద. (కత్తెర పట్టొద్దని చెప్పి మళ్ళీ ఇదేంది అంటారేమో, మునగ వేరే లెక్క, దాన్ని ఎంత నరికినా చిగురేస్తాది.) మునగ మాను మీద వానల్లో గొంగళి పురుగులు గుంపుగా అతుక్కుని ఉంటాయి, పిలకాయల్ని దగ్గరికి పోనీయొద్దు, పాత గుడ్డ కర్రకి చుట్టి కాగడా చేసి పైపైన చూపిస్తే రాలిపోతాయి.

చిక్కుడు సంగతి. మన పాత పాదు చిక్కుడుకి పగటి పొద్దు తగ్గితేనే పూత. జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా అది నవంబర్ దగ్గరికి వస్తేనే పూస్తాది, సంక్రాంతికి కాయ. మీరు చేయాల్సింది ఒక్కటే, యూరియా గానీ పేడనీళ్ళు గానీ ఇప్పుడు పోయొద్దు, పోస్తే ఆకే వస్తాది. పందిరి గుంజలు మాత్రం గట్టిగా ఉండాయో లేదో ఊపి చూడండి, తడిసిన తీగ బరువు మామూలుగా ఉండదు.

మిద్దెతోట ఒంగోలు (అక్టోబర్ 7)

మాస్టారు నేల సంగతి చెప్పేశారు కాబట్టి నేను కుండీల సంగతి చెప్తా అక్కా. మాది ఒంగోలు, మిద్దె మీద 60 కుండీలు. 2025 అక్టోబర్ ఆఖర్లో మొంథా తుఫాను వచ్చినప్పుడు అది తీరం దాటింది ఎక్కడో నరసాపురం దగ్గర, మాకేంలే అనుకున్నాం, ఇక్కడ కురిసిన వానకి మిద్దె మీద చీలమండ లోతు నీళ్ళు. ఎందుకంటే నీళ్ళు దిగే గొట్టం మూతికి ఆకులూ కొబ్బరి పీచూ అడ్డం పడి ఉండాయి, రాత్రి పదకొండింటికి మా ఆయన టార్చి నోట్లో పెట్టుకుని చేత్తో తీశాడు. అప్పటినించి నా అక్టోబర్ పని అంటే ఫస్టు గొట్టాలే.

తర్వాత కుండీల కింద ప్లేట్లు అన్నీ తీసి లోపల పెట్టేయండి, వానాకాలం అవి మొక్కకి చెరుపు, మనకి డెంగీ దోమలు. ప్రతి కుండీ అడుగున బెజ్జం సన్న కమ్మీతో పొడిచి చూడండి, సగం మూసుకుపోయి ఉంటాయి. గ్రో బ్యాగుల్ని రెండేసి ఇటుకల మీదకి ఎత్తండి. షేడ్ నెట్ ఉంటే వాయుగుండం వార్త వినంగానే విప్పేయండి, అది తెరచాప మాదిరి గాలి పట్టి పైపుల్ని కూడా లాక్కుపోతాది. పొడుగు మొక్కలు ఆ రెండ్రోజులు పిట్టగోడ వారన పడుకోబెట్టండి, ఏం కాదు, తర్వాత లేపితే సరి.

నల్లబడిన గులాబీలకి: నల్లది పోయి పచ్చ కాండం కనపడే దాకా ఇంకో అంగుళం కిందకి ఏటవాలుగా కోయండి, కోసిన మొహానికి పసుపు ముద్ద అయినా పెట్టండి, కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్ళకి వాడే మందు) ఉంటే అది పేస్టులా కలిపి రాస్తే ఇంకా గ్యారంటీ. ఆ కుండీలు వాన తగలని చోటికి జరపండి. మిగతా నాలుగు డిసెంబర్లో కత్తిరించుకోండి, మాకు సంక్రాంతి దాటాక బో పూస్తాయి.

తులసికోట మర్చిపోకండి! కార్తీకంలో అందరం దీపాలు పెడతాం, కోట అడుగున బెజ్జం ఉందా లేదా ఎవరూ చూడరు, సరిగ్గా అప్పుడే వానకి నీళ్ళు నిలబడి తులసి చచ్చిపోతాది, మన ఆడవాళ్ళేమో ఏదో అపశకునం అని బెంగ పెట్టుకుంటారు. బెజ్జం చూసి, వెన్నులు తుంచి, ప్రమిద మట్టిలో కాకుండా గట్టు మీద పెట్టుకుంటే చాలు, నూనె మట్టిలో పడదు.

కనిగిరి ఎర్రమట్టి (అక్టోబర్ 7)

మీరందరూ వాన ఎక్కువై ఏడుస్తుండారు, మాకు ఆ అదృష్టం యాడిది. పాత ప్రకాశం జిల్లా అంటే ఒంగోలు ఒక్కటే కాదండీ. కనిగిరి పొదిలి వైపు వాళ్ళు ఇది చదివి కాలవలు తీసుకోమాకండి, మనది ఉల్టా, ఇప్పుడు పాదులు లోతు చేసుకోవాలి, వచ్చిన చినుకు వచ్చినట్టు పాదులో ఇంకాలి. మా బోరు నీళ్ళకి కుండీ అంచులు తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటాయి, రెండు మంచి వానలు పడితే ఆ ఉప్పంతా కడుక్కుపోయి మొక్క మొహం తేటగా అవుతాది, అందుకే నేను వాన వస్తే కుండీల్ని బయటికి లాగుతా, మీరు లోపలికి లాగుతారు. మిద్దె నీళ్ళు డ్రమ్ములకి పట్టి దోమలు పడకుండా గుడ్డ కట్టి పెట్టుకుంటే చాన్నాళ్ళు వస్తాయి.

చిక్కుడు పందిరికి కందికంప ఫ్రీ మా వైపు, కావాలంటే వచ్చి బండికి వేసుకుపోండి.

పొదలకూరు నిమ్మ (అక్టోబర్ 8)

నిమ్మ గురించి ఎవరూ చెప్పలేదే. మేం తోట వాళ్ళం, పెరట్లో ఒక్క చెట్టుకైనా లెక్క ఒకటే. నిమ్మ మానుకి నీళ్ళు తగలకూడదు, తగిలితే బంక కారతాది, తర్వాత బెరడు ఎండి చెట్టు పోతాది. అందుకని పాదు రెండు వరసలుగా చేయాలి, మాను చుట్టూ ఒక చిన్న గట్టు, దాని బయట నీళ్ళ పాదు, దాని చుట్టూ ఇంకో గట్టు. వానకి ముందు మానుకి నేల నించి రెండడుగుల ఎత్తు దాకా బోర్డో పేస్టు పూయాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు అర లీటరు నీళ్ళలో, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి తర్వాత రెండూ ఒకేసారి మూడో దాంట్లోకి పోయాలి. ప్లాస్టిక్ బకెట్టే వాడండి, ఇనుముది వద్దు. ఒక ఇనప మేకు ముంచి తీస్తే ఎర్రగా తుప్పులా పడితే సున్నం చాల్లేదని, ఇంకొంచెం వేయాలి. ఏ రోజుది ఆ రోజే వాడెయ్యాలి.

గజ్జి మచ్చలు ఉన్న పుల్లలు, ఎండు పుల్లలు, మొదట్లో నించి నిట్టనిలువుగా లేచే నీటి కొమ్మలు ఇవి మాత్రం ఎండ కాసే రోజు చూసి తీసేయండి, తీసిన పుల్లలు చెట్టు కింద వేయకుండా కాల్చేయండి. తర్వాత కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు పిచికారీ. లేత చిగుళ్ళ మీద పిట్ట రెట్ట లాగా ఉండే పురుగు కనపడితే అది సీతాకోకచిలుక పిల్ల, పెద్ద చెట్టయితే వదిలేయండి, చిన్న మొక్కయితే ఏరేయండి. మందు కొట్టేంత పని కాదది.

ఇంకో మాట, ఎవరైనా చవగ్గా వస్తందని రొయ్యల గుంట మట్టి అమ్మితే కొనమాకండి, ఉప్పు. మా బంధువులు పెరడంతా పోయించుకుని రెండేళ్ళు గడ్డి కూడా మొలవక అగచాట్లు పడినారు.

వేదాయపాళెం పెరడు (అక్టోబర్ 8)

అబ్బ ఎంత వివరంగా చెప్పారు అందరూ, థాంక్యూ. అత్తయ్యకి చదివి వినిపించా, ఆమె ఒకటే నవ్వు. మాస్టారూ రెండు డౌట్లు. ఎరువు అసలు వేయొద్దా? టమోటా వంగ నారు ఎప్పుడు పోయాలి? ఇంగ్లీషు వీడియోల్లో ఆకులు ఊడ్చి కుప్ప పెట్టమంటారు, మా పెరట్లో పెద్దగా ఆకులే రాలలేదు.

కావలి మాస్టారు (అక్టోబర్ 9)

ఆకులు ఎందుకు రాలతాయమ్మా ఇప్పుడు, మన వేపా రావీ రాలేది మాఘం ఫాల్గుణాల్లో. అది వాళ్ళ దేశపు పని, ఆ కుప్పలేవో అప్పుడు వేసుకుందురు.

నారు ఇప్పుడే పోసుకోండి, కానీ నేలలో కాదు, ట్రేల్లోనో పాత టబ్బులోనో వాన జల్లు పడని వసారాలో. నాలుగు వారాలకి నాటేదానికి వస్తాది, ఆ రోజు వాయుగుండం ఉంటే ఇంకో వారం ఆగండి. నారు మొదళ్ళు సన్నబడి పడిపోతుంటే అది నారుకుళ్ళు, పైన చెప్పిన కాపర్ మందే 3 గ్రాముల లెక్కన మొదట్లో తడిచేటట్టు పోయండి, నీళ్ళు తగ్గించండి. సంక్రాంతికి ముగ్గుల్లో గొబ్బెమ్మలకి మీ ఇంటి బంతిపూలే కావాలంటే బంతి విత్తనం కూడా ఇప్పుడే చల్లండి. కొత్తిమీర, మెంతికూర మాత్రం తొందరపడమాకండి, ఒక్క జడివానకి విత్తనమంతా ఒక మూలకి చేరతాది. చల్లేటప్పుడు ధనియాలు చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసుకోవాలి.

ఎరువు విషయంలో నాకూ మా తమ్ముడికీ ఎప్పుడూ గొడవే. వాడు వానకి ముందే వేపపిండి, పశువుల ఎరువు కలిపి వేసేస్తాడు. నేనంటా, మనవి తీరం దగ్గరి ఇసక నేలలు, ఇప్పుడు వేసింది వేసినట్టు కిందకి దిగిపోతాది, డబ్బులు కాలవలో పోసినట్టు. గుప్పెడు వేపపిండి వరకు సరే. అసలు ఎరువు కార్తీకం పోయినాక. వాన తర్వాత ఆకులు పసుపు పచ్చగా తిరిగితే వేరు నీరసంగా ఉందని అర్థం, అప్పుడు నేలలో వేస్తే తీసుకోదు, 19:19:19 అనే నీళ్ళలో కరిగే ఎరువు లీటరుకి 5 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టండి. మల్లెలు కూడా నవంబర్ ఆఖర్లో మోకాలెత్తుకి కత్తిరించి నీళ్ళు ఆపితే వేసవికి మొగ్గ.

మిద్దెతోట ఒంగోలు (అక్టోబర్ 9)

మీ తమ్ముడు చెప్పేదే కరెక్టు మాస్టారూ, మాది నల్లరేగడి మరి 😄

వేదాయపాళెం పెరడు (డిసెంబర్ 9)

చాలా రోజులైంది, ఏం జరిగిందో చెప్దామని వచ్చా. కాలవ తీయించాం, నీళ్ళు గంటలో దిగిపోయినాయి, అయినా ఒక బొప్పాయి పడిపోయింది, దానికి కర్ర కట్టడం బద్ధకించా, నా తప్పే. నల్లబడిన గులాబీల్లో ఒకటి బతికింది. టమోటా రెండుసార్లు పోయాల్సి వచ్చింది నారు, మొదటిసారి వసారాలో పెట్టినా మా పిల్లోడు బయట పెట్టి మర్చిపోయాడు. చిక్కుడు మాత్రం నవంబర్ మూడో వారంలో పూసింది, ఇప్పుడు గెలలు గెలలు. కానీ లేత కాయల నిండా నల్లటి పేనుబంక, జిగురు జిగురుగా, చీమలు ఎక్కుతున్నాయి. తినే కాయ కదా, మందు కొట్టాలంటే భయంగా ఉంది.

కావలి మాస్టారు (డిసెంబర్ 9)

మందు వద్దు. బాగా పట్టిన గెలలు ముందు తుంచి పారేయండి. పొద్దున్నే మంచు తడి ఉండంగానే ఊక బూడిద జల్లించి చల్లండి, మీ ఊళ్ళో రైస్ మిల్లు లేని వీధి లేదు, అడిగితే సంచి ఇస్తారు. తగ్గకపోతే వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట. కాయలు కోశాక ఉప్పునీళ్ళలో వేసి కడుక్కుని వండుకోండి. మల్లెలు కత్తిరించినారా మరి?

వేదాయపాళెం పెరడు (డిసెంబర్ 10)

అత్తయ్య కత్తిరించేశారు, నన్ను పట్టుకోనీలేదు కత్తెర.