పైథాన్ సీ ఎక్స్‌టెన్షన్‌లో మెమరీ లీకు, రిఫరెన్స్ కౌంట్ ఎక్కడ తప్పుతోంది?

అందరికీ నమస్కారమండి, మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి టిక్కీల (మిర్చి బస్తాల) తూకాలు చూసే పైథాన్ ప్రోగ్రాం రాసిచ్చా, స్పీడు చాలట్లేదని ఫైలు చదివే ముక్క సీ లో రాశా. 4 వేల టిక్కీల ఫైలు, 10 సెకన్లకోసారి మళ్లీ చదువుతుంది. పొద్దున 80 ఎంబీ ఉండేది రాత్రికి 600 దాటుతోంది. ఇంట్లో కిలోల్లో 40, 42 అని వేసి చూస్తే అస్సలు పెరగలా, కొట్లో గ్రాముల్లో వస్తాయి, తేడా అదొక్కటే. ప్రతి తూకానికీ పైలాంగ్_ఫ్రమ్‌లాంగ్‌తో నంబరు చేసి పైలిస్ట్_అపెండ్‌తో లిస్టులో వేస్తున్నా అంతే. రెండ్రోజులుగా తల పట్టుకు కూర్చున్నా.

జవాబు (విజయవాడ నుంచి):
తమ్ముడూ తప్పు అపెండ్ దగ్గరే ఉంది. రిఫరెన్స్ కౌంట్ అంటే ఒక వస్తువుని ఎన్ని చోట్ల పట్టుకుని ఉన్నారో పైథాన్ పెట్టుకునే లెక్క, అది 0 అయితేనే దాని మెమరీ వదుల్తుంది. నంబరు చేయగానే దాని రిఫరెన్సు ఒకటి నీ చేతిలో ఉంటుంది, అపెండ్ నీది తీసుకోదు, తనకి వేరే ఒకటి పెట్టుకుంటుంది, కౌంటు 2. లిస్టు పోయేటప్పుడు తన వంతు తగ్గిస్తుంది, నీ 1 అలాగే ఉండిపోద్ది, ఆ నంబరు ఇక మెమరీలోంచి పోదు. అపెండ్ అవగానే పై_డెక్‌రెఫ్ పెట్టు, అది కౌంటు ఒకటి తగ్గిస్తుంది. పైలిస్ట్_సెట్ఐటెమ్ మాత్రం దీనికి రివర్సు, నీ రిఫరెన్సుని అదే లాగేసుకుంటుంది, అక్కడ కూడా డెక్‌రెఫ్ పెట్టావంటే క్రాష్ అయ్యే ప్రమాదం. పైలిస్ట్_గెట్ఐటెమ్ ఇచ్చేది అరువు సొమ్ము, దాన్నీ తగ్గించకూడదు. పేరు చూసి ఊహించొద్దు, ఒక్కో ఫంక్షన్‌కీ డాక్యుమెంటేషన్ తెరిచి చూడాల్సిందే.

ఇంట్లో ఎందుకు పెరగలేదంటే -5 నుంచి కనీసం 256 దాకా నంబర్లు పైథాన్ ముందే చేసి ఉంచుకుంటుంది, 42కి కొత్త మెమరీ తీసుకోదు. 42350కి తీసుకుంటుంది.

అన్నా చాలా థాంక్స్, నిన్న రాత్రి దాకా 80 దగ్గరే ఉంది. కానీ తూకం గడిలో అక్షరాలు పడిన లైను వస్తే ఇంకా పెరుగుతోంది, అక్కడ నేను నల్ (తప్పు జరిగిందని చెప్పే ఖాళీ పాయింటర్) రిటర్న్ చేసి బయటికొచ్చేస్తున్నా.

జవాబు:
అప్పటిదాకా సగం నిండిన లిస్టుని ఎవరు వదుల్తారు మరి? దాంతోపాటు అందులో ఉన్న తూకాలన్నీ ఉండిపోతాయి. నా అనుభవంలో ఎక్కువ లీకులు ఈ ఎర్రర్ దారుల్లోనే. పాయింటర్లన్నీ ముందే నల్ పెట్టుకో, తప్పు ఎక్కడొచ్చినా ఫంక్షన్ చివర్లో ఒకే చోటికి గోటూతో దూకు, అక్కడ పై_ఎక్స్‌డెక్‌రెఫ్ పెట్టు, ఇదీ కౌంటు తగ్గించేదే, కానీ నల్ వచ్చినా ఊరుకుంటుంది. కాలేజీలో గోటూ వాడొద్దంటారు గానీ ఈ పనికి అంతకన్నా శుభ్రమైంది లేదు. తర్వాత కావాలని పాడు లైను ఒకటి వేసి, ఫంక్షన్‌ని లక్షసార్లు పిలిచి ట్రేస్‌మాలక్‌లో (పైథాన్‌తో వచ్చే, మెమరీ వాడకం చూపే మాడ్యూల్) ముందూ వెనకా అంకెలు చూడు, ఈసారి గ్రాముల్లోనే.