కాగితంలో ఉండేది నారా, పీచా?

ప్రశ్న: పిల్లల కోసం కాగితం తయారీ మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. ఫైబర్ అనాల్సిన చోటల్లా ‘నార’ అని రాశాను. చదివిన స్నేహితురాలు ‘పీచు’ అనాలంటోంది. రెండూ ఒకటే కదండీ?

జవాబు: ఒకటి కాదండి. నేనైతే పీచు అనే రాస్తాను. నార అనగానే పొడవు గుర్తొస్తుంది. బెరడు నుంచో కాడ నుంచో ఒలిచి తీస్తాం, దాంతో తాడు పేనుతాం. జనపనార, అవిసెనార, అరటినార అన్నీ అలాంటివే. కలపలోంచి వచ్చేది అలా ఉండదు. పైన్ చెట్టులో దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, యూకలిప్టస్‌లో 1 మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్నేం పేనుతాం? నీళ్లలో చెదరగొట్టి, జల్లెడ మీద పరిచి, ఆరబెట్టాలి. అలా చిక్కుపడి అట్టకట్టేదాన్ని మనం పీచు అనే అంటాం. చైనాలో క్రీ.శ. 105 నాటికి ఆస్థాన అధికారి త్సాయ్ లున్ బెరడు, చింకి గుడ్డలు, పాత చేపల వలలు వాడాడంటారు. అవన్నీ నారే. కానీ దంచి దంచి పీచు చేశాకే కాగితం అయింది.

ఈ మాటతో ఇంకో లాభం ఉంది. తిండిలో పీచు పదార్థం అంటాం కదా, కాగితంలో ముఖ్యంగా ఉండే సెల్యులోజ్ అందులోనూ ఉంటుంది. 1838లో ఫ్రెంచి శాస్త్రవేత్త అన్సెల్మ్ పాయెన్ దీన్ని మొక్కల నుంచి వేరుచేసి చూపాడు. ఇది గ్లూకోజ్ గొలుసు. పిండి పదార్థమూ గ్లూకోజ్ గొలుసే, కాకపోతే గొలుసులో లింకు పడిన తీరు వేరు. అందుకే పిండి మనకు అరుగుతుంది, పీచు అరగదు. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి, ఆశ్చర్యపోతారు.

ఒక్క మనవి. ‘జిగురుతో అతుక్కుంటుంది’ అని మాత్రం రాయకండి. నీరు ఆరేకొద్దీ పీచుకీ పీచుకీ మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి, ముఖ్యమైన పట్టు వాటిదే. మళ్లీ తడిపితే నీరు ఆ బంధాల్లో దూరుతుంది, కాగితం మెత్తబడి చేతిలోకి ఊడి వస్తుంది.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. పల్ప్‌కి ‘గుజ్జు’ సరేనా? చివర్లో పాత కాగితం ‘శిథిలమవుతుంది’ అని కూడా రాశాను.

జవాబు: గుజ్జు సరే, వాడుకలో స్థిరపడింది. అయితే యంత్రంలో జల్లెడ మీదికి వెళ్లేటప్పుడు అందులో 99 శాతం దాకా నీళ్లే ఉంటాయి. అక్కడ గుజ్జు అంటే పిల్లలు చిక్కగా ఊహించుకుంటారు. ‘పీచు కలిసిన నీళ్లు’ అనండి.

శిథిలం మాత్రం దయచేసి మార్చండి. పచ్చబడటం, పెళుసుబారడం అని మనకు రెండు మాటలున్నాయి. వాటి వెనక కారణాలూ వేరు. పచ్చబడేది ముఖ్యంగా లిగ్నిన్ వల్ల. కలపలో పీచును పట్టి ఉంచేది అదే, కలప బరువులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. న్యూస్‌ప్రింట్‌కి కలపను నూరి వాడితే అదంతా లోపలే ఉండిపోతుంది, వెలుతురూ గాలీ తగిలి రంగు మారుతుంది. సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ వేసి ఉడికించే క్రాఫ్ట్ పద్ధతిలో చాలావరకు పోతుంది, మిగిలింది బ్లీచింగ్‌లో తీస్తారు.

పెళుసుబారడానికి ముఖ్య కారణం ఆమ్లం. సిరా పాకకుండా పైన్ బంక నుంచి తీసే రోజిన్‌నూ పటికనూ గుజ్జులోనే కలిపే పద్ధతిని 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఇల్లిగ్ ప్రకటించాడు. పటిక వల్ల కాగితంలో ఆమ్లం చేరి, ఏళ్ల తరబడి సెల్యులోజ్ గొలుసుల్ని తెంపుతూ పోతుంది. నూలు గుడ్డలతో చేసిన కాగితంలో లిగ్నిన్ ఉండదు కాబట్టి అంతగా పచ్చబడదు. అయినా ఆమ్లం ఉంటే పెళుసుబారుతుంది. ‘శిథిలమవుతుంది’ అంటే ఈ తేడా అంతా మాయమైపోతుంది.

ఆ వాక్యంలో క్రియ కూడా చూసుకోండి. మామూలు కాగితం చిరుగుతుంది. పెళుసుబారిన కాగితాన్ని మడిస్తే విరుగుతుంది, అక్కడ ‘చిరిగింది’ అని రాయకండి.